గట్టు మీద మేత: ఆవుకు పనికొచ్చే కంచె పెంచడం ఎలా?

శివరాత్రి దాటితే మెట్ట ఊళ్లలో ఆవుకు దొరికేది ఎండుమేతే. వరిగడ్డి, జొన్నచొప్ప, రాయలసీమ వైపైతే వేరుశనగ కట్టె. వీటిలో వరిగడ్డి మరీ నాసి. దాంట్లో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. ఆవు పెద్దపొట్టలో పీచును పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు చురుగ్గా ఉండాలంటే మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు కావాలి. అవి నీరసపడితే తిన్న గడ్డి అరగక పొట్టలోనే పడి ఉంటుంది. పొట్ట ఖాళీ అయితేగా ఆవు మళ్లీ మేసేది! గాడి నిండా గడ్డి ఉన్నా డొక్కలు లోపలికి పోవడానికి అసలు కారణం ఇదే.

అవే రోజుల్లో గట్టు మీది సీమచింత, సుబాబుల్ పచ్చగా ఉంటాయి. లోతుకు దిగిన వేరుకు ఎండాకాలమైనా ఇంత తడి అందుతుంది. ఇలాంటి చెట్ల ఆకును ఎండబెట్టి చూస్తే మాంసకృత్తులు 15 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. సున్నపు ధాతువు, అంటే కాల్షియం, గడ్డిలో కంటే ఎక్కువ. రోజూ నాలుగైదు కిలోల పచ్చాకు తోడైతే ఆకు బలమొక్కటే కాదు, అప్పటిదాకా వృథాగా పోయిన వరిగడ్డి కూడా ఒంటబడుతుంది.

ఒకటి రెండు ఆవులు, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు, ఇంతవరకు కంచె అంటే ముళ్లకంపో ఇనుప తీగో అనుకున్నవాళ్లు తొలిసారి ఈ పనికి దిగితే ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెప్తాను. ముందే ఒక మాట. పచ్చటి కంచె అనగానే చాలామందికి అది మందుల దుకాణంలా కనిపిస్తుంది. ఏ ఆకు ఏ రోగానికి అని మొదలుపెడతారు. నా లెక్క వేరు. కంచెను ఆవు నోటి కోసం నాటాలి. కడుపుకు సరైన మేత అందిన పశువుకు సగం మందుల అవసరం రాదు. మిగతా సగానికి కంచె ఆకు ఎంతవరకు పనికొస్తుందో చివర్లో చూద్దాం.

మొదటి పని: గట్టు చుట్టూ ఒక నడక

మొక్క కొనకముందే వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి గట్టు చుట్టూ నడవండి. ఒంటరిగా కాదు, ఊళ్లో పశువులు కాసే పెద్దాయననో, జీవాలు తోలుకెళ్లే తాతనో వెంట పెట్టుకుని. ఏ మొక్క చిగుళ్లు కొరికేసి ఉన్నాయి, దేన్ని మంద పక్కన పెట్టి పోయింది, ఏది ఎండల్లో కూడా ఆకు నిలుపుకుంది? ఈ మూడూ చూసుకుంటే మీ నేలకు ఏం పనికొస్తుందో సగం తెలిసిపోతుంది. మేక కొరికిందల్లా ఆవుకు పనికిరాదని గుర్తుంచుకోండి. మేక పలచటి పెదాలతో ముళ్ల మధ్య ఒక్కో ఆకునూ ఏరుకుంటుంది. ఆవు నాలుక చుట్టి గుప్పెడు గుప్పెడుగా లాగుతుంది. దానికి మెత్తటి రెమ్మలు, మెడ చాచితే అందే ఎత్తులో కావాలి.

రెండో పని: విషాన్ని ముందు తీసేయడం

కొత్తవాళ్లు దాటేసేది ఈ మెట్టునే. మంచి మొక్క నాటడం ఒక ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు, చెడ్డ మొక్కను ఒక్క రోజు వదిలేసినా ఆవు పోవచ్చు.

అన్నిటికన్నా ముందు గన్నేరు. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ గుండెను దెబ్బతీసే విషాలే. కొద్ది ఆకులకే పెద్ద పశువు కూడా పడిపోతుంది. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు ఆవు సాధారణంగా ముట్టదు. కత్తిరించి పడేసిన కొమ్మలు ఎండాక గడ్డిలో కలిసిపోతే మాత్రం తినేస్తుంది, ఎండినా విషం పోదు. ఇంటి ముందు పూల కోసం పెంచిన గన్నేరును కత్తిరించి ఆ కొమ్మల్ని గట్టు మీద విసిరే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానాలి.

తర్వాత లాంటానా, కొన్ని చోట్ల తలంబ్రాల చెట్టు అంటారు. రంగురంగుల పూల గుత్తులు చూసి కంచెకు బాగుంటుందని ఉంచేస్తారు. దీని ఆకు తిన్న పశువుకు కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, మలబద్ధకం చేస్తుంది. ఎండలో నిలబడితే ముట్టె, చెవులు, తెల్ల మచ్చలున్న చోట చర్మం కమిలి పొరలుగా లేస్తుంది. అలా కనిపిస్తే వెంటనే నీడకు తోలి డాక్టరును పిలవాలి.

చెరువు కట్టలు, కాలువ ఒడ్లు ఉన్న ఊళ్లలో లొట్టపీసు ఉంటుంది. ఒకటి రెండుసార్లు కొరికితే ఏమీ కాదు, అందుకే దాన్ని నమ్ముతారు. వారాల తరబడి తిన్న జీవాలు, ముఖ్యంగా మేకలు, నరాలు దెబ్బతిని తూలిపోతూ నడుస్తాయి. ఆముదం గింజ ఎలాగూ విషమే, ఆకు కూడా మంచిది కాదు. నల్గొండ, పాలమూరు వైపు ఆముదం చేను పక్కనే పశువుల్ని కట్టేవాళ్లు పలుపు పొడవు చూసుకోవాలి. గురివింద తీగ అందంగా అల్లుకుంటుంది కానీ గింజలో విషం ఉంది. ఆ గింజల్ని నూరి సూదులుగా చేసి పగవాడి పశువుకు గుచ్చి చంపిన రోజులు మన దేశ చరిత్రలో ఉన్నాయి, పశువైద్య పుస్తకాల్లో ఇప్పటికీ దాని గురించి రాస్తారు. జిల్లేడు, ఉమ్మెత్త, అడవి ఆముదం లాంటివాటిని కడుపు నిండిన ఆవు వాసన చూసి వదిలేస్తుంది. ఆకలి మీదున్న ఆవు వదలకపోవచ్చు. వయ్యారిభామ సంగతి అందరికీ తెలిసిందే, తింటే పాలు చేదెక్కుతాయి, ఒళ్లంతా దద్దుర్లు.

సర్కారు తుమ్మ గురించి వేరుగా చెప్పాలి. అది విషపు చెట్టు కాదు. ఆకు ఆవు ముట్టదు, కాయ మాత్రం తియ్యగా ఉంటుంది కాబట్టి ఇష్టంగా ఏరుకుని తింటుంది. ఎండుకాయను పొడి చేసి దాణాలో కొద్దిగా కలిపితే మంచి మేతే. వేరే మేత లేక వారాల తరబడి ఆ కాయలతోనే కడుపు నింపుకున్న పశువుకు దవడ కండరాలు కరిగిపోయి, నాలుక బయట పెట్టి, నమలలేని స్థితి వస్తుంది. పైగా నమలకుండా మింగిన గింజలు పేడతో పాటు పొలమంతా మొలుస్తాయి. ఉన్న చెట్టును వంటచెరకుకు వాడుకోండి, కొత్తగా మాత్రం నాటొద్దు.

మూడో పని: ఏం నాటాలి?

కంచెను రెండు వరుసలుగా ఊహించుకోండి. బయటి వరుస పరాయి మందను ఆపాలి. లోపలి వరుస మీ ఆవుకు మేత కావాలి. ఒకే మొక్కతో రెండు పనులూ చేయించాలని చూస్తే ఊళ్లో మేకలన్నీ మీ గట్టుకే వస్తాయి.

బయటి వరుసకు నేను మొదట చెప్పేది సీమచింత. ముల్లుంటుంది, గింజతో వస్తుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురుగా చిగురేస్తుంది. కత్తిరించిన లేత రెమ్మలు ఆవు తింటుంది, కాయలు పిల్లలు తింటారు. నీరు తక్కువున్న ఎర్రనేలల్లో వాక్కాయ కూడా బాగుంటుంది. కాపలాకు మనిషి లేని చోట, ఏ పశువూ పెద్దగా ముట్టని వావిలి, కానుగ వేసుకోవచ్చు. అవి మేతకు రావు, మొండిగా నిలబడతాయి. ఈ రకం ఆలోచన మనకు కొత్తేమీ కాదు. తమిళనాడులో కంగాయం పశువులను పెంచే రైతులు ముళ్ల కిలువై అనే మొక్కతో పొలం చుట్టూ పచ్చని కంచె కట్టి, లోపల గడ్డి, తెల్లతుమ్మ చెట్లు పెంచి, పశువుల్ని అందులోనే మేపుతారు. కొరంగాడు అంటారు దాన్ని. వాన తక్కువ పడే చోటే ఆ పద్ధతి నిలబడింది.

లోపలి వరుసలో మొదటి పేరు గ్లైరిసిడియా, గిరిపుష్పం అని కూడా అంటారు. మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, పొలానికి పచ్చిరొట్ట ఎరువూ అవుతుంది. చిక్కు ఒక్కటే, దీని వాసన ఆవుకు మొదట నచ్చదు. ఎలా అలవాటు చేయాలో ముందు ముందు చెప్తాను. గుర్రాలకు, ఎలుకలకు ఇది విషం. ఆవు, గేదె, మేక, గొర్రె లాంటి నెమరువేసే వాటికి మేత.

అవిశ మెత్తటి ఆకు, పాడిపశువుకు ప్రాణం. తమలపాకు తోటల్లో తీగకు ఊతగా పెంచేది ఈ చెట్టునే. త్వరగా పెరుగుతుంది, కానీ సుకుమారం. మొదలంటా నరికితే చచ్చిపోతుంది. ఇంట్లో కోళ్లుంటే అవిశ ఆకు వాటికి వేయకండి, పడదు.

సుబాబుల్ గురించి రెండు రకాల మాటలు వింటారు, రెండూ నిజమే. ఆకు బలమైనది, ఎండకు తట్టుకుంటుంది. అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అతిగా తింటే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. దీనికి విరుగుడు మందుల్లో దొరకలేదు, మేకల పొట్టలో దొరికింది. హవాయి దీవుల్లో మేకలు సుబాబుల్ తిని కులాసాగా ఉండటం చూసి, వాటి పొట్టలోని సూక్ష్మజీవిని 1980ల్లో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు, అవి కూడా తిని అరిగించుకున్నాయి. తర్వాత ఆ సూక్ష్మజీవికి దాన్ని వెతికి పట్టిన జోన్స్ అనే శాస్త్రవేత్త పేరే పెట్టారు. మనకు కావలసిన నియమం చిన్నదే: సుబాబుల్ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు, చూడి ఆవుకు ఇంకా తగ్గించాలి. కృష్ణా, ప్రకాశం వైపు కాగితపు గుజ్జు కోసం సుబాబుల్ వేసిన రైతులకు కొమ్మలు దండిగా దొరుకుతాయి కాబట్టి ఈ మాట వాళ్లకు మరీ ముఖ్యం.

హిందూపురం, మడకశిర ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో పురుగు తినగా మిగిలిన మల్బరీ ఆకు, రెమ్మలు పశువులకు వేయడం మామూలే. మల్బరీ ఆకును ఆవు ఏ బతిమాలుడూ లేకుండా తింటుంది. నీటి తడి ఇవ్వగలిగితే గట్టు మీద నాలుగు మొక్కలు ఉంచండి. మునగ సరేసరి. కాయ మనకు, ఆకు ఆవుకు.

ఈ చెట్ల మొదట్లో, మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు ఖాళీగా ఉండే జాగాకు దశరథ గడ్డి. పేరుకు గడ్డి, నిజానికి పప్పుజాతి మొక్క. చూడటానికి సన్న సుబాబుల్‌లా ఉంటుంది, మైమోసిన్ భయం లేదు. మూలల్లో జమ్మి, వేప, తెల్లతుమ్మ ఒక్కొక్కటి చాలు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. దాని ఆకు కరువు రోజుల్లో పశువును నిలబెట్టే మేత అని రాజస్థాన్ రైతును అడిగితే చెబుతాడు. మన దగ్గర దసరాకు తప్ప దాని వంక చూసేవాళ్లు తక్కువ.

నాలుగో పని: నాటడం

ఎకరం చదరంగా ఉంటే చుట్టూ సుమారు 250 మీటర్ల గట్టు వస్తుంది. మొదటి ఏడాది మొత్తం గట్టుకు పూనుకోవద్దు. కొట్టానికి దగ్గరగా ఉన్న ఒక్క వైపు, 60 మీటర్ల చిల్లర, చాలు. అర మీటరుకు ఒకటి చొప్పున 120 మొక్కలు పడతాయి. అదైనా పంచుకునే సరిహద్దు గట్టు అయితే పక్క పొలం వాళ్లతో ముందు మాట్లాడండి. నీడ పడుతుందన్న గొడవ ఎక్కడైనా వచ్చేదే.

రోహిణి కార్తెలో గుంటలు తీసి, మృగశిరలో మొదటి మంచి వాన పడి నేల లోపలికంటా తడిశాక నాటాలి. గ్లైరిసిడియా కొమ్మలు ఏడాది దాటినవి, మణికట్టు లావువి, నాలుగైదు అడుగుల పొడవున ఎంచుకోండి. కింది చివర ఏటవాలుగా కోయాలి. పై చివర కూడా కొద్దిగా వాలుగా కోసి, పేడముద్ద పెడితే తేమ ఆరిపోదు, వాన నీరు నిలవదు. కొమ్మను నేలలోకి సుత్తితో కొట్టకూడదు, బెరడు చిట్లితే వేరు రాదు. గడ్డపారతో అడుగు లోతుకు తక్కువ కాకుండా కన్నం చేసి, కొమ్మ నిలబెట్టి, చుట్టూ మట్టి కాలితో గట్టిగా తొక్కాలి. తలకిందులుగా నాటకండి. నవ్వొచ్చే మాటే, ఆకు దూసేసిన కొమ్మలు కట్టలు కట్టి తెస్తే ఏది మొదలో తెలియదు. కోసేటప్పుడే మొదటి వైపు గుర్తు పెట్టుకోవాలి.

వాన మరీ తక్కువున్న అనంతపురం లాంటి చోట కొమ్మల కంటే విత్తనంతో పెంచిన నారు మేలు. కొమ్మకు పక్క వేర్లే వస్తాయి, విత్తనపు మొక్కకు తల్లివేరు లోతుకు దిగుతుంది.

సుబాబుల్, దశరథ గడ్డి గింజల పైపొర గట్టిది, ఊరికే చల్లితే సగం మొలవవు. నీళ్లు మరిగించి దించి, పొంగు తగ్గాక గింజల మీద పోసి నాలుగైదు నిమిషాలు ఉంచి వంచేయండి. తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి పొద్దున విత్తండి. అవిశకు ఈ వేడినీళ్ల తతంగం అవసరం లేదు, రాత్రి నానబెడితే చాలు. గుంటకు రెండు మూడు గింజలు వేసి తర్వాత బలమైనదాన్ని ఉంచుకోవాలి. మల్బరీకి పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కళ్లున్నది, ఒక కన్ను పైకి కనిపించేలా గుచ్చాలి.

ఐదో పని: మొదటి ఏడాది ఆగడం

ఇది ఓపిక పని తప్ప కష్టం కాదు. మొక్కల చుట్టూ రేగుకంప పరచండి. పేడనీళ్లు చిలికి లేత ఆకుల మీద చల్లితే పశువులు మూతి పెట్టవు, పేడ వాసనున్న మేత వాటికి గిట్టదు. వాన కడిగేశాక మళ్లీ చల్లాలి. సొంత ఆవునైనా ఏడాది దాటేదాకా కంచె దగ్గర కట్టకండి.

ఆరో పని: కోయడం

గ్లైరిసిడియా, సుబాబుల్‌ను నేల నుంచి మూడడుగుల ఎత్తున కోయాలి. పదునైన కొడవలి, ఒక్క వేటు, వాలుగా. మొద్దు కత్తితో నలగ్గొడితే మోడు కుళ్లుతుంది. వానల్లో రెండు నెలలకోసారి, మిగతా కాలంలో మూడు నెలలకోసారి కోతకు వస్తాయి. గ్లైరిసిడియాను కోయకుండా వదిలేస్తే సంక్రాంతి తర్వాత ఆకు రాల్చి పూతకు పోతుంది, సరిగ్గా మేత కరువైన వేళకే చెట్టు బోసిగా నిలబడుతుంది. దీపావళి వెళ్లాక ఒక కోత కోస్తే మళ్లీ వచ్చిన చిగురు ఎండల్లోకి నిలుస్తుంది. కంచె మొత్తం ఒకే రోజు కోయకండి. వారానికి కొన్ని చెట్ల చొప్పున తిప్పుకుంటూ వస్తే రోజూ ఆకు ఉంటుంది.

అవిశకు తల కొట్టొద్దు, పక్క కొమ్మలే విరచాలి. దశరథ గడ్డి మొదటి కోత మూడు నెలలకు, తర్వాత నలభై రోజులకోసారి.

ఆవును నేరుగా కంచె మీదికి వదలడం రెండో ఏడాది దాటాకే, అదీ సాయంత్రం ఎండుమేత తిన్నాక అరగంట. ఆకలితో వదిలితే బెరడు కూడా చీల్చేస్తుంది. అలా మేసే ఆవును కాసేపు చూడండి. ఇక్కడో రెమ్మ, అక్కడో చిగురు, మళ్లీ గడ్డి. ఒకే ఆకును కడుపునిండా మేయదు. కోసి గాడిలో వేసినప్పుడు ఈ ఎంపిక మనం దానికి లేకుండా చేస్తాం. అందుకే కోసి వేసేవాళ్లు రెండు మూడు రకాలు కలిపి వేయాలి.

ఏడో పని: ఆవుకు అలవాటు చేయడం

పశువుకు ఏది మంచిదో దానికే తెలుసంటారు. అది సగమే నిజం. అమెరికాలో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెడ్ ప్రొవెంజా, ఆయన తోటివారు గొర్రెల మీద ఏళ్ల తరబడి చూసింది ఇదే. 2006లో వచ్చిన వాళ్ల పరిశోధనలో గొర్రెలకు కడుపులో ఇబ్బంది పెట్టే మేతలు పెట్టి, ఒక్కో ఇబ్బందికీ దాని విరుగుడు రుచి చూపించారు. ఏది తింటే ఏ బాధ తగ్గిందో అనుభవంలోకి వచ్చిన గొర్రెలు తర్వాత అదే బాధ కలిగినప్పుడు సరైన విరుగుడునే ఎంచుకున్నాయి. అవే విరుగుళ్లు బాధతో సంబంధం లేకుండా తిన్న గొర్రెలకు ఆ తెలివి రాలేదు. అంటే పశువుది పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనేకంటే, తిని, తల్లి వెంట తిరిగి నేర్చుకున్నది అనడం సబబు. సంతలో కొని తెచ్చిన, పుట్టినప్పటి నుంచి గడ్డీ దాణా తప్ప ఎరగని సంకరజాతి ఆవు మీ గట్టు మీది మంచీ చెడూ ఎలా పోల్చుకుంటుంది? దానికి మనమే నేర్పాలి.

గ్లైరిసిడియా కొమ్మను పొద్దున కోసి నీడలో సాయంత్రం దాకా వడలనివ్వండి, ఘాటు తగ్గుతుంది. ఆకు దూసి, గుప్పెడు తవుడు, కాస్త ఉప్పునీళ్లు చిలకరించి వరిగడ్డిలో కలపండి. మొదటి రోజు గుప్పెడే. అలవాటున్న పశువు పక్కన కట్టేస్తే కొత్తది తొందరగా దారికొస్తుంది. తల్లి పక్కన గాడిలో దూడ మూతి పెడితే అదిలించకండి, అది చదువుకుంటోంది. వారం పది రోజుల్లో కిలో రెండు కిలోలకు, నెలకు నాలుగైదు కిలోలకు తీసుకురావచ్చు. 400 కిలోల ఆవు రోజుకు నీరు తీసేసి లెక్కిస్తే పది కిలోల పైన మేత తింటుంది. పచ్చాకులో ముప్పావు వంతు నీరే కాబట్టి నాలుగైదు కిలోల ఆకు అంటే అసలు మేత కిలో చిల్లరే. మీరు అనుకున్నంత ఎక్కువేమీ వేయడం లేదు. ఎంత దండిగా ఉన్నా మొత్తంలో మూడో వంతు దగ్గర ఆగండి.

వడలబెట్టడం వేరు, కుప్పపోసి మగ్గబెట్టడం వేరు. గ్లైరిసిడియా ఆకులో కౌమరిన్ ఉంటుంది. బూజు పడితే అది రక్తం గడ్డకట్టనివ్వని పదార్థంగా మారుతుంది. బూజు వాసన వచ్చిన ఆకు పెంటకుప్పకే. పాలలో ఆకు వాసన రాకుండా ఉండాలంటే పాలు పిండాకే వేయండి.

ఎనిమిదో పని: మందుగా ఎంతవరకు?

మొదట మేతలోనే ఉన్న మందు. తుమ్మ, జమ్మి, రేగు లాంటి చెట్ల ఆకుల్లో వగరు ఉంటుంది కదా, అది టానిన్. మితంగా ఉంటే పచ్చిమేత వల్ల వచ్చే కడుపుబ్బరాన్ని తగ్గిస్తుంది, మాంసకృత్తులు పెద్దపొట్టలోనే కరిగిపోకుండా పేగు దాకా చేరుస్తుంది. గొర్రెలు, మేకల్లో పేగుల్లోని నట్టల బెడద తగ్గినట్టు పరిశోధనలున్నాయి. తగ్గడమే, పోవడం కాదు. దూడలకు నట్టల మందు వేళకు తాగించాల్సిందే. టానిన్ ఎక్కువైతే అరుగుదలే మందగిస్తుంది, కాబట్టి వగరాకు చిరుతిండిగానే ఉండాలి.

కంచె మొదట్లో కలబంద పెంచడానికి మాత్రం గట్టి కారణం ఉంది. పొదుగువాపుకు జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు రైతులకు చెబుతున్న పూత ఇది: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలపు సున్నం 15 గ్రాములు. కలిపి నూరితే ఎర్రటి ముద్ద అవుతుంది. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండేసి, ముద్దలో కొంత తీసుకుని నీళ్లు కలిపి పొదుగంతా పూయాలి. రోజుకు పదిసార్లు, ఐదు రోజులు. ముద్ద ఏ రోజుకారోజు తాజాగా నూరుకోవాలి. కొన్ని ఊళ్లలో కిత్తనారను కూడా కలబంద అనే అంటారు. గట్ల మీద కత్తుల్లా నిలబడే ఆ పెద్ద మొక్క రసం ఒంటికి తగిలితే మంట, దాన్ని పొదుగుకు పూయకండి. పూత వేస్తూనే పాలు డాక్టరుకు చూపించండి. జ్వరం వచ్చినా, పాలలో రక్తం కనిపించినా, పొదుగు రాయిలా గట్టిపడినా పూతతో సరిపెట్టుకోకూడదు.

చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వచ్చే ఆవుకు అదే బోర్డు చెప్పే వరసలో కంచె మొక్కలు చాలానే ఉన్నాయి. ఎదకు వచ్చిన మొదటి రోజో రెండో రోజో మొదలుపెట్టి, ఐదు రోజులు రోజుకో ముల్లంగి, తర్వాత నాలుగు రోజులు రోజుకో కలబంద మట్ట, ఆపైన నాలుగేసి రోజులు నాలుగు గుప్పెళ్ల మునగాకు, నాలుగు గుప్పెళ్ల నల్లేరు కాడలు, చివరికి నాలుగు గుప్పెళ్ల కరివేపాకు పసుపుతో. అన్నీ బెల్లం, ఉప్పుతో కలిపి తినిపించడమే. నల్లేరు నోరు దురద పెడుతుంది కాబట్టి ఆవు తనంతట తాను ముట్టదు, చిన్న ముక్కలు చేసి బెల్లం బాగా పట్టించాలి. గర్భాశయంలో చీము, లోపాలు లేవని ముందు పరీక్ష చేయించుకున్నాకే ఈ వరసకు వెళ్లండి, లేకపోతే మూడు వారాలు వృథా. నల్లేరు కట్టుతో విరిగిన ఎముక అతుక్కుంటుందని చెప్పేవాళ్లుంటారు. కాలు విరిగిన పశువుకు బద్దలు కట్టే మనిషి ముందు కావాలి.

సాయంత్రం దోమలు, జోరీగలు ముసిరే వేళ కొట్టంలో వేపాకు, వావిలాకు పొగ వేయడం మంచిదే, గాలి ఆడే చోట.

గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు. ఈ మూడింటికీ ఏ గట్టు మీదా ఆకు లేదు. టీకాలే. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి. కడుపు ఎడమ వైపు డప్పులా ఉబ్బి ఊపిరి ఆడకపోయినా, విషపు మొక్క తిన్నట్టు అనుమానం వచ్చినా ఆకుల కోసం వెతుక్కోకుండా 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వచ్చేలోపు ఏ ఆకు తిన్నదో ఒక రెమ్మ తెంపి ఉంచితే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

రెండో ఏడాది

తొలకరికి చచ్చిన చోట కొత్త కొమ్మలు గుచ్చండి, మీ చెట్ల కొమ్మలే సరిపోతాయి. సుబాబుల్‌కు కాయ పట్టకముందే కోత కోసేయాలి, గింజ రాలితే మీ చేనూ పక్క చేనూ కలుపు అవుతుంది. పక్కవాళ్ల వైపు వంగిన కొమ్మలు వాళ్లు విత్తనం వేయకముందే మీరే కొట్టుకోండి, ఎలాగూ అది మీ ఆవు మేతే.

పక్క చేలో పత్తో మిరపో ఉంటే పురుగుమందు కొట్టే రోజు అడిగి తెలుసుకోండి. తుంపర గాలికి మీ కంచె మీదే పడుతుంది. ఆ వైపు ఆకు కనీసం రెండు వారాలు, మధ్యలో ఒక మంచి వాన పడేదాకా కోయకండి. మందు వారం వారం కొట్టే చేను పక్కనైతే ఆ గట్టున మేత మొక్క వద్దు, వావిలి, కానుగ చాలు. మేత వరుసను కొట్టం వైపు గట్టుకు మార్చుకోండి.